బ్రిటిష్ పాస్‌పోర్టు: తొలి దరఖాస్తు నుంచి రెన్యువల్ వరకు, ఏ కాగితం ఏ వరుసలో

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పాస్‌పోర్టు గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. పౌరసత్వం వచ్చింది, ఇప్పుడేం చేయాలి? పాప ఇక్కడే పుట్టింది కదా, పాస్‌పోర్టు దానంతట అదే వస్తుందా? పాత పాస్‌పోర్టులో మిగిలిన నెలలు కొత్తదానికి కలుస్తాయా? వీటికి పని జరగవలసిన వరుసలో సమాధానాలు ఇక్కడ ఉన్నాయి.

దరఖాస్తును పరిశీలించే హెచ్‌ఎం పాస్‌పోర్ట్ ఆఫీస్ తేల్చుకోవలసినవి రెండే: మీరు బ్రిటిష్ పౌరులా, దరఖాస్తులో ఉన్న వ్యక్తి నిజంగా మీరేనా. అడిగే ప్రతి కాగితమూ ఈ రెండింటిలో ఒకదానికి రుజువుగా పనికొస్తుంది. ఏ కాగితం దేనికో తెలిస్తే సగం గందరగోళం తొలగిపోతుంది.

1. ముందుగా పౌరసత్వం తేల్చుకోండి

పాస్‌పోర్టు పౌరసత్వాన్ని ఇవ్వదు. అప్పటికే ఉన్న పౌరసత్వానికి రుజువుగా మాత్రమే వస్తుంది. అందువల్ల ఈ మెట్టు దాటకుండా రుసుము కట్టకండి.

సహజీకరణ ద్వారా, అంటే నాచురలైజేషన్ ద్వారా పౌరులైనవారికి సందేహం లేదు. అయితే హోం ఆఫీస్ నుంచి ఆమోదం ఈమెయిల్ వచ్చినంత మాత్రాన పౌరులు కారు. పౌరసత్వ వేడుకలో ప్రమాణం చేసి సర్టిఫికెట్ అందుకున్న రోజునే పౌరులవుతారు. పాస్‌పోర్టుకు ఆ సర్టిఫికెట్ ఒరిజినలే కావాలి.

బ్రిటన్‌లో పుట్టిన పిల్లల విషయంలోనే అపోహలు ఎక్కువ. 1983 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ ఇక్కడ పుట్టినవారికి, పుట్టిన నాటికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బ్రిటిష్ పౌరులై గానీ, ఐఎల్‌ఆర్ వంటి శాశ్వత నివాస హోదా కలిగి గానీ ఉంటేనే పుట్టుకతో పౌరసత్వం వస్తుంది. ఇద్దరూ వర్క్ వీసా మీద ఉన్నప్పుడు పుట్టిన బిడ్డ, లండన్ ఆసుపత్రిలో పుట్టినా, పుట్టుకతో బ్రిటిష్ పౌరురాలు కాదు.

అలాంటి బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒకరికి తర్వాత ఐఎల్‌ఆర్ వస్తే, ఎంఎన్1 ఫారంతో పౌరురాలిగా నమోదు చేయించవచ్చు. పుట్టినప్పటి నుంచి పదేళ్లు ఇక్కడే పెరిగిన పిల్లలకు ఫారం టీ అనే వేరే దారి ఉంది. నమోదు సర్టిఫికెట్ చేతికి వచ్చాకే పాస్‌పోర్టు మాట. ఈ రెండు పనులనూ ఒకటిగా భావించి నేరుగా పాస్‌పోర్టుకు పెట్టినవారి దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, కట్టిన రుసుము కూడా వెనక్కి రాదు.

తండ్రి హోదా ఆధారంగా పౌరసత్వం చెప్పుకునేవారు ఒక తేదీ గుర్తుంచుకోవాలి. 2006 జూలై 1కి ముందు పుట్టినవారికి, తల్లిదండ్రులకు పెళ్లయి ఉంటేనే తండ్రి హోదా లెక్కలోకి వచ్చేది. అందుకే అలాంటివారిని తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

ఇండియాలో పుట్టిన బిడ్డ సంగతి వేరు. బిడ్డ పుట్టేనాటికి తల్లి గానీ తండ్రి గానీ సహజీకరణ ద్వారా, లేదా బ్రిటన్‌లోనే పుట్టడం వల్ల బ్రిటిష్ పౌరులై ఉంటే, బిడ్డకు వారసత్వంగా పౌరసత్వం వస్తుంది. అయితే ఆ బిడ్డ పెద్దయ్యాక తన పిల్లలను బ్రిటన్ బయట కంటే, వారికి ఇదే హక్కు సాధారణంగా దానంతట అది రాదు.

2. వేడుక తేదీని ప్రయాణంతో ముడిపెట్టి చూడండి

దీనికి విడిగా శీర్షిక పెట్టడానికి కారణం ఉంది. ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న మరుక్షణం భారత పౌరసత్వం రద్దవుతుందని 1955 నాటి భారత పౌరసత్వ చట్టం, సెక్షన్ 9 చెబుతుంది. అంటే వేడుకలో ప్రమాణం చేసిన క్షణం నుంచి భారత పాస్‌పోర్టు మీద ప్రయాణించకూడదు. బ్రిటిష్ పాస్‌పోర్టేమో ఇంకా చేతిలో ఉండదు. ఆ మధ్య వారాల్లో మీ దగ్గర చెల్లే ప్రయాణ పత్రం ఒక్కటీ ఉండదు.

వేడుకకు ఆహ్వానం అందాక మూడు నెలల్లోపు హాజరు కావాలి. ఈ గడువును తెలివిగా వాడుకోండి. ఊళ్లో చెల్లెలి పెళ్లో, నాన్నగారి షష్టిపూర్తో ఉంటే, ముందు భారత పాస్‌పోర్టు మీద వెళ్లి వచ్చి, తిరిగొచ్చాకే వేడుక తేదీ పెట్టించుకోండి. ప్రమాణం చేసేదాకా మీ ఐఎల్‌ఆర్ యథాతథంగా చెల్లుతుంది.

పాత పాస్‌పోర్టులో ఇంకా నాలుగేళ్లు మిగిలి ఉంది, ఎవరు చూస్తారులే అనే ధీమా మాత్రం వద్దు. పౌరసత్వం మారాక భారత పాస్‌పోర్టు వాడితే జరిమానా పడుతుంది. తర్వాత ఆ పాస్‌పోర్టును భారత అధికారులకు సరెండర్ చేసే సమయంలో ఆ ప్రయాణపు ముద్రలన్నీ పేజీల్లో కనిపిస్తూనే ఉంటాయి.

3. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు: మూడూ ఒక్కటి చేయండి

తెలుగువారి దరఖాస్తులు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే. బ్రిటిష్ విధానంలో ఒక మనిషికి అన్ని అధికారిక పనులకూ ఒకే పేరు ఉండాలి. మన కాగితాల్లో ఒకే మనిషి మూడు పేర్లతో కనిపించడం మామూలే: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, భారత పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి, ఆఫీసులో ఇంటిపేరు చివరికి మారి.

భారత పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉన్నవారికి ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆ తీరే వీసా పత్రాల్లోకి, అక్కడి నుంచి సహజీకరణ దరఖాస్తులోకి పాకుతుంది. దీన్ని సరిచేయవలసిన సమయం సహజీకరణకు పెట్టకముందే. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరును, సొంత పేరును వేరుచేయించి, ఆ ప్రకారమే బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు, పేస్లిప్పులు, వీసా రికార్డులు మార్పించి, తర్వాత సహజీకరణకు పెడితే, ఆపై వచ్చే ప్రతి కాగితమూ ఒకే పేరుతో వస్తుంది. నెలల తరబడి పట్టే పనే అయినా వేరే దగ్గరి దారి లేదు.

వేడుకలో సర్టిఫికెట్ చేతికివ్వగానే, ఫొటోలు దిగే ముందు, అక్కడే నిలబడి ప్రతి అక్షరం చదవండి. తప్పుంటే ముందు హోం ఆఫీస్ ద్వారా సర్టిఫికెట్‌నే సరిచేయించుకోవాలి. సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టు దరఖాస్తులో మరొకటి రాస్తే ఫైలు ఆగుతుంది.

పౌరసత్వం వచ్చాక పేరు మార్చుకోవాలనుకుంటే డీడ్ పోల్ అనే ప్రకటన పత్రం కావాలి; దానితోపాటు కొత్త పేరును నిజంగా వాడుతున్నట్టు చూపే ఆధారాలూ అవసరం కావచ్చు. పెళ్లి వల్ల మారిన పేరుకు పెళ్లి సర్టిఫికెట్ సరిపోతుంది. పెళ్లయ్యాక కూడా పుట్టింటి ఇంటిపేరే ఉంచుకున్న మహిళలు ఏ రుజువూ చూపనక్కర్లేదు. భర్త ఇంటిపేరు పెట్టుకోవాలన్న నియమం లేదు.

పుట్టిన తేదీ విషయం సున్నితమైనది. బళ్లో వేసేటప్పుడు మాస్టారు రాయించిన తేదీ ఒకటి, అసలు తేదీ ఒకటి ఉన్నవారు మన తరంలో ఎందరో. ఏ తేదీతో వీసా తీసుకున్నారో, ఏ తేదీ సహజీకరణ సర్టిఫికెట్‌లో ఉందో, పాస్‌పోర్టులోనూ అదే వస్తుంది. అసలు తేదీ రాయాలన్న నిజాయితీని పాస్‌పోర్టు దరఖాస్తులో మొదటిసారి ప్రదర్శించడం వల్ల అనుమానం పుడుతుంది తప్ప తేదీ మారదు.

పుట్టిన ఊరూ అంతే. అమ్మమ్మగారి ఊరా, ఆసుపత్రి ఉన్న జిల్లా కేంద్రమా అన్న చర్చ ఇప్పుడు వద్దు. సర్టిఫికెట్‌లో ఉన్నదే రాయండి.

4. కాగితాలు సమకూర్చుకోండి

సహజీకరణ లేదా నమోదు ద్వారా పౌరులైన పెద్దల తొలి పాస్‌పోర్టుకు:

- సహజీకరణ లేదా నమోదు సర్టిఫికెట్ ఒరిజినల్
- బ్రిటన్‌లోకి వచ్చినప్పుడు వాడిన భారత పాస్‌పోర్టు, ఆ తర్వాత కొత్తది తీసుకుని ఉంటే ప్రస్తుత పాస్‌పోర్టు కూడా
- పేరు మారి ఉంటే పెళ్లి సర్టిఫికెట్ లేదా డీడ్ పోల్
- డిజిటల్ ఫొటో
- గుర్తింపు ధ్రువీకరించే వ్యక్తి వివరాలు

1983 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ బ్రిటన్‌లో పుట్టినవారి తొలి పాస్‌పోర్టుకు:

- తల్లిదండ్రుల వివరాలున్న పూర్తి జనన ధ్రువీకరణ పత్రం
- పుట్టిన నాటికి తల్లికో తండ్రికో బ్రిటిష్ పౌరసత్వం లేదా శాశ్వత నివాసం ఉన్నట్టు రుజువు
- తండ్రి ద్వారా హక్కు వస్తూ, పుట్టుక 2006 జూలై 1కి ముందైతే, తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్

జనన ధ్రువీకరణ పత్రాల్లో బిడ్డ వివరాలు మాత్రమే ఉండే చిన్న రకమూ ఉంటుంది. అది పాస్‌పోర్టుకు పనికిరాదు. ఇంగ్లండ్‌లో జననాన్ని 42 రోజుల్లోపు, స్కాట్లండ్‌లో 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆ రోజే పూర్తి పత్రం అడిగి తీసుకుంటే మళ్లీ తిరగనక్కర్లేదు.

మరో మూడు జాగ్రత్తలు. ఒరిజినల్స్ మాత్రమే పంపాలి. జిరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర మన దగ్గర చెల్లినట్టు ఇక్కడ చెల్లవు. విలువైన సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి బీరువాలో దాచే అలవాటు మనకుంది. జారీ చేసినప్పుడే లామినేట్ అయి వస్తే తప్ప అలాంటి పత్రాలను ఒప్పుకోరు, కాబట్టి కొత్త ప్రతి తీసుకోండి. ఇంగ్లీషు గానీ వెల్ష్ గానీ కాని పత్రానికి ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. పంచాయతీ నుంచి తెలుగులో మాత్రమే వచ్చిన పాత జనన, వివాహ పత్రాలకు ఇది తప్పదు.

5. ఫొటో

- గత నెల రోజుల్లో తీసినదై ఉండాలి.
- డిజిటల్ ఫొటో కనీసం 600 పిక్సెళ్ల వెడల్పు, 750 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. ఫైలు 50 కేబీకి తగ్గకూడదు, 10 ఎంబీకి మించకూడదు.
- వెనుక లేత రంగు గోడ ఖాళీగా ఉండాలి. ముఖం మీద, గోడ మీద నీడ పడకూడదు.
- కళ్లు తెరిచి, నోరు మూసి, మామూలుగా చూడాలి. కళ్లకు జుట్టు అడ్డు రాకూడదు.
- మత కారణం, వైద్య కారణం ఉంటే తప్ప తలపై ఏమీ ఉండకూడదు.
- కాగితం ఫారమైతే 45 మిల్లీమీటర్ల ఎత్తు, 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రెండు ఫొటోలు.

తెల్ల చొక్కాతో తెల్ల గోడ ముందు నిలబడితే భుజాల గీత కనిపించక ఫొటో వెనక్కి వస్తుంది. కళ్లజోడు తీసేస్తే అద్దాల మెరుపు బెడద ఉండదు. ఫోన్లోని అందం ఫిల్టర్లు వాడకండి.

పసిపిల్లల విషయంలో సడలింపు ఉంది. ఆరేళ్లలోపు పిల్లలు కెమెరా వైపే చూడనక్కర్లేదు; ఏడాదిలోపు బిడ్డ కళ్లు మూసుకున్నా ఫరవాలేదు. తల పట్టుకున్న చేయి మాత్రం కనిపించకూడదు, పక్కన బొమ్మ ఉండకూడదు. లేత రంగు దుప్పటి పరిచి, బిడ్డను పడుకోబెట్టి, పైనుంచి తీయడం అన్నిటికంటే తేలిక. బుగ్గన పెట్టిన దిష్టిచుక్క తుడిచేసి తీయండి; ఫొటో అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు, అమ్మమ్మలు ఏమీ అనుకోరు.

6. గుర్తింపు ధ్రువీకరించే వ్యక్తి

కౌంటర్‌సిగ్నేటరీ అని పిలిచే ఈ వ్యక్తి అన్ని తొలి పాస్‌పోర్టులకూ, 11 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లల రెన్యువల్‌కూ, పోయిన పాస్‌పోర్టు స్థానంలో కొత్తదానికీ, పాత ఫొటోతో పోల్చలేనంతగా రూపం మారినప్పుడూ అవసరం.

- మిమ్మల్ని కనీసం రెండేళ్లుగా వ్యక్తిగతంగా తెలిసి ఉండాలి. పిల్లల దరఖాస్తులో, సంతకం చేసే తల్లినో తండ్రినో తెలిసి ఉండాలి.
- గుర్తింపు పొందిన వృత్తిలో ఉన్నవారో, అలాంటి వృత్తి నుంచి రిటైరైనవారో, సమాజంలో మంచి పేరున్నవారో కావాలి. ఉపాధ్యాయులు, లెక్చరర్లు, నర్సులు, దంతవైద్యులు, అకౌంటెంట్లు, న్యాయవాదులు, వృత్తి అర్హతలున్న ఇంజనీర్లు ఈ కోవలోకి వస్తారు.
- బ్రిటన్ నుంచి దరఖాస్తు చేస్తున్నప్పుడు, వారు బ్రిటన్‌లో ఉంటూ చెల్లే బ్రిటిష్ లేదా ఐరిష్ పాస్‌పోర్టు కలిగి ఉండాలి.
- మీకు రక్తసంబంధం, వివాహసంబంధం ఉండకూడదు. మీ ఇంట్లో ఉండేవారు కాకూడదు.

తెలుగువారు తడబడేది చివరి రెండింటి దగ్గరే. పదేళ్లుగా పక్కింట్లో ఉండే స్నేహితుడు ఐఎల్‌ఆర్ మీద, భారత పాస్‌పోర్టుతో ఉంటే ఆయన సంతకం చెల్లదు. బావగారు, తోడల్లుడు, వదినగారి అన్నయ్య, వియ్యంకుడు, ఎవరైనా సరే చుట్టరికం చుట్టరికమే. ఇంటిపేర్లు వేరు కాబట్టి తెలియదులే అనుకోవద్దు. మీ డాక్టరుగారు కూడా, వైద్యం కోసం కాక స్నేహితులుగా బాగా తెలిసి, చూడగానే గుర్తుపడతానని చెప్పగలిగితేనే పనికొస్తారు.

ఆన్‌లైన్‌లో అయితే ధ్రువీకరించే వ్యక్తికి ఈమెయిల్ వెళ్తుంది, అక్కడే ధ్రువీకరిస్తారు. ముందే ఫోన్ చేసి చెప్పండి. చాలామంది ఆ ఈమెయిల్‌ను మోసమనుకుని తొలగిస్తారు, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. కాగితం ఫారమైతే ఫారంలోని భాగం నింపి, ఒక ఫొటో వెనుక ఇది ఫలానావారి నిజమైన పోలికేనని రాసి, సంతకం, తేదీ వేయాలి.

7. దరఖాస్తు పెట్టే వరుస

1. ప్రభుత్వ అధికారిక వెబ్‌సైటు అయిన జీఓవీ డాట్ యూకేలోకి నేరుగా వెళ్లండి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల్లో, అదనపు సొమ్ము తీసుకుని అదే ఫారం నింపిపెట్టే ప్రైవేటు సైట్లుంటాయి.
2. తొలి పాస్‌పోర్టా, రెన్యువలా, పోయినదాని బదులా అన్నది సరిగ్గా ఎంచుకోండి.
3. ఫొటో ఎక్కించండి, లేదా ఫొటో దుకాణం ఇచ్చిన కోడ్ ఇవ్వండి.
4. వివరాలను సర్టిఫికెట్ చూస్తూ నింపండి, జ్ఞాపకం నుంచి కాదు.
5. కార్డుతో రుసుము చెల్లించి, దరఖాస్తు సంఖ్యను భద్రపరచుకోండి.
6. చివరలో చూపే పత్రాల జాబితా ప్రకారం ఒరిజినల్స్ అన్నిటినీ ఫొటో తీసుకుని, ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపండి.
7. స్థితిని ఆన్‌లైన్‌లో గమనిస్తూ, అదనపు సమాచారం అడిగితే ఆలస్యం చేయకుండా ఇవ్వండి.

రుసుములు 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ నెలలోనే పెరిగాయి. 2025 ఏప్రిల్ 10 నుంచి అమలైన పట్టిక ప్రకారం, బ్రిటన్ నుంచి ఆన్‌లైన్‌లో పెద్దలకు 94.50 పౌండ్లు, 16 ఏళ్లలోపు పిల్లలకు 61.50 పౌండ్లు, కాగితం ఫారమైతే వరుసగా 107, 74 పౌండ్లు ఉండేది. కట్టేరోజు అధికారిక సైటులో ఉన్న మొత్తాన్నే ప్రమాణంగా తీసుకోండి. తరచూ విమానమెక్కేవారు అదనపు రుసుముతో 34 పేజీలకు బదులు 54 పేజీల పుస్తకం అడగవచ్చు.

బ్రిటన్ లోపలి దరఖాస్తులు సాధారణంగా మూడు వారాల్లో పూర్తవుతాయి. ఇంటర్వ్యూ పడినా, కాగితం తక్కువైనా ఎక్కువ కాలం పడుతుంది. పాస్‌పోర్టు, మీరు పంపిన ఒరిజినల్స్ వేర్వేరు కవర్లలో వస్తాయి. ఒకటి వచ్చి మరొకటి రాలేదని మొదటి రోజే కంగారు పడవద్దు. పాస్‌పోర్టు చేతికి రాకముందు టికెట్లు మాత్రం కొనకండి.

8. ఇంటర్వ్యూకు పిలిస్తే

పెద్దల తొలి పాస్‌పోర్టుకు గుర్తింపు ఇంటర్వ్యూ ఉండవచ్చు. ఇది లైఫ్ ఇన్ ది యూకే వంటి పరీక్ష కాదు. చదవవలసింది ఏమీ లేదు. మీ కుటుంబం, పాత చిరునామాలు, ఉద్యోగం వంటి, మీకు మాత్రమే సులువుగా తెలిసే విషయాలు అడుగుతారు. దరఖాస్తును భర్తో, అబ్బాయో నింపిపెడితే, అందులో ఏం రాశారో ఇంటర్వ్యూకు ముందు మీరే ఒకసారి పూర్తిగా చదవండి.

9. రెన్యువల్

పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు, పిల్లలది ఐదేళ్లు చెల్లుతుంది. పేరు, రూపం మారని పెద్దలకు రెన్యువల్ సులువు: పాత పాస్‌పోర్టు, కొత్త ఫొటో, రుసుము. పాతదాన్ని అంచు కత్తిరించి రద్దు చేసి తిరిగి పంపుతారు. అందులో చెల్లే వీసా ఏదైనా ఉంటే రెండు పుస్తకాలూ వెంట పెట్టుకోవాలి.

పాతదానిలో మిగిలిన నెలలను కొత్తదానికి కలిపే పద్ధతి 2018 సెప్టెంబరులో ఆగిపోయింది. కాబట్టి మరీ ముందుగా రెన్యువల్ చేస్తే ఆ నెలలు నష్టమే. అలాగని చివరి వారం దాకా ఆగడమూ కుదరదు. ఐరోపా షెంగెన్ దేశాలకు వెళ్లేరోజుకు పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు, తిరిగివచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటు ఉండాలి. 2018కి ముందు పద్ధతిలో నెలలు కలిసిన పాస్‌పోర్టుతో విమానాశ్రయంలో వెనక్కి తిరిగినవారు చాలామందే ఉన్నారు. జారీ తేదీని కూడా చూసే అలవాటు చేసుకోండి. ఇండియా ఈ-వీసాకు ఆరు నెలల చెల్లుబాటు కావాలి. ఈ లెక్కలన్నీ చూస్తే, గడువుకు ఎనిమిది తొమ్మిది నెలల ముందు, ప్రయాణం లేని సమయం చూసి రెన్యువల్ పెట్టడం నా సలహా.

మరో దేశపు పాస్‌పోర్టు కూడా ఉన్నవారు దాని ప్రతి పేజీకి, ఖాళీ పేజీలతో సహా, రంగుల నకలు పంపవలసి ఉంటుంది. రెండింటిలో పేరు ఒక్కటే ఉండాలి. పేజీలు చిరిగినా, వివరాలు చదవలేనంతగా తడిసినా, అట్ట ఊడినా గడువుతో సంబంధం లేకుండా మార్చుకోవాలి.

10. పిల్లల పాస్‌పోర్టు

దరఖాస్తు చేసేవారికి బిడ్డపై చట్టబద్ధమైన తల్లిదండ్రుల బాధ్యత ఉండాలి. ఫారంలో ఇద్దరు తల్లిదండ్రుల వివరాలూ అడుగుతారు. 12 నుంచి 15 ఏళ్ల పిల్లలు తామే సంతకం చేయాలి. తల్లి చేతిరాతలో ఉన్న సంతకం పనికిరాదు.

పదహారేళ్లు నిండితే, లేదా మూడు వారాల్లో నిండబోతుంటే, పెద్దల పాస్‌పోర్టుకే పెట్టాలి. అయితే చేతిలో ఉన్న పిల్లల పాస్‌పోర్టు దాని గడువు తేదీ దాకా చెల్లుతుంది.

11. తొందరైనా, పోగొట్టుకున్నా

పెద్దల రెన్యువల్‌కు ఆన్‌లైన్ ప్రీమియం సేవ ఉంది: అపాయింట్‌మెంట్ తీసుకుని, దరఖాస్తు చేసిన రెండు రోజుల తర్వాత నుంచి పాస్‌పోర్టు చేతికే తీసుకోవచ్చు. వారం రోజుల ఫాస్ట్ ట్రాక్ పిల్లల పాస్‌పోర్టులకూ, పేరు మార్పులకూ, పోయినవాటి బదులు తీసుకోవడానికీ వర్తిస్తుంది. పెద్దల తొలి పాస్‌పోర్టుకు మాత్రం ఈ రెండూ లేవు. ఎంత డబ్బు కట్టినా ఆ వరుసలో ముందుకు జరగలేరు.

పోయిన పాస్‌పోర్టును వెంటనే ఆన్‌లైన్‌లో పోయినట్టు నమోదు చేయండి. నమోదు కాగానే అది రద్దవుతుంది. మర్నాడు సోఫా కింద దొరికినా వాడరాదు. అందుకే ఇల్లంతా వెతికాకే నమోదు చేయండి.

ఇండియాలో ఉండగా పోతే స్థానిక పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోండి. తర్వాత బ్రిటిష్ అధికారుల నుంచి అత్యవసర ప్రయాణ పత్రానికి ఆన్‌లైన్‌లో పెట్టుకోండి. వీసా మీద వెళ్లినవారైతే, పోయిన పాస్‌పోర్టులోనే ఆ వీసా ఉంటుంది కనుక, దేశం దాటడానికి ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే భారత ప్రభుత్వపు విదేశీయుల నమోదు కార్యాలయం నుంచి ఎగ్జిట్ పర్మిట్ కూడా అవసరం. టికెట్ తేదీ మార్చుకునేటప్పుడు ఈ రెండు అనుమతులకూ పట్టే కాలం కలిపి లెక్క వేసుకోండి.

12. భారత పాస్‌పోర్టు సరెండర్, ఓసీఐ

వరుస ఇది: పౌరసత్వ సర్టిఫికెట్, బ్రిటిష్ పాస్‌పోర్టు, భారత పాస్‌పోర్టు సరెండర్, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డు). దరఖాస్తుతో పంపిన భారత పాస్‌పోర్టు తిరిగి వచ్చాక, భారత హైకమిషన్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రం ద్వారా సరెండర్‌కు పెట్టండి. వచ్చే సరెండర్ సర్టిఫికెట్‌ను జీవితాంతం దాచుకోవాలి. ఓసీఐకైనా, ఇండియా వీసాకైనా అది లేకుండా ముందుకు కదలదు.

ఓసీఐ ఫారంలో బ్రిటిష్ పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలి. సరెండర్ సర్టిఫికెట్‌లో ఉన్న పాత పేరు దీనితో కలవకపోతే రెండు పేర్లూ మీవేనని చూపే డీడ్ పోల్ వంటి పత్రం అడుగుతారు. మూడో మెట్టులో పేర్లు సరిచేసుకోనివారికి ఆ పని ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది.

బ్రిటిష్ పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ ఓసీఐ కార్డును కొత్తగా తీసుకోనక్కర్లేదు. 2021లో సడలించిన నియమాల ప్రకారం, 20 ఏళ్లు నిండేదాకా ప్రతి కొత్త పాస్‌పోర్టుకూ, 50 ఏళ్లు దాటాక ఒకసారి, పాస్‌పోర్టు నకలును, తాజా ఫొటోను ఓసీఐ వెబ్‌సైటులో ఎక్కిస్తే చాలు. దీనికి రుసుము లేదు. పాస్‌పోర్టు అందిన మూడు నెలల్లోపు ఈ పని చేయాలి. 20 ఏళ్లలోపు ఓసీఐ పొందినవారు మాత్రం 20 దాటి కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు కార్డును ఒకసారి తిరిగి జారీ చేయించుకోవాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకోసారి మారుతుంది కాబట్టి, అది పోస్టులో వచ్చిన రోజే ఈ ఎక్కింపు కూడా పూర్తి చేసి, ఆ రసీదును ఓసీఐ కార్డుతో కలిపి ఉంచండి.